తల్లి సీతాకోక సాక్ష్యం

రేగడిపాళెం,
కోయిలకుంట్ల తాలూకా,
16 నవంబరు 1938.

కొళ్ళేగాలం పట్టు ఫారంలో సర్కారు కొలువు చేస్తున్న అల్లుడు లేవికి, నీ మేనమామ, ఈ ఊరి ఉపదేశి, సంఘపెద్ద అయిన ప్రేమయ్య దీవించి రాసేదేమంటే,

ఇక్కడ అందరం క్షేమం, నా ఎడమ మోకాలు తప్ప. బర్రె ఈనింది. దున్నదూడ పుట్టింది. దేవుడి చిత్తాన్ని ప్రశ్నించకూడదు కాబట్టి ఆ సంగతి ఇంతటితో వదిలేస్తున్నాను.

మొన్న ఆదివారం మన గుళ్ళో కోత పండుగ జరిగింది. ఏటా ఎవరి పంటలో మొదటి భాగం వాళ్ళు తెచ్చి ప్రసంగపు బల్ల ముందు పెట్టడం, ప్రార్థన అయ్యాక వాటిని వేలం వేయడం నీకు తెలిసిందే. ఎప్పుడూ వచ్చేవి కొర్రలు, జొన్న కంకులు, గుమ్మడికాయలు, రెండు మూడు కోళ్ళు. ఈసారి అలా కాదు. మన తొమ్మిది ఇండ్లకు పట్టుపురుగుల పని నేర్పింది నేనే కదా. అందుకని నా కొట్టంలోని పట్టుగూళ్ళలో మహా దిట్టమైనవి ఏరి, వాటిలోంచి వచ్చిన పన్నెండు తల్లి సీతాకోకల చేత పన్నెండు కాగితాల మీద గుడ్లు పెట్టించి, ఆ కాగితాలనే ప్రథమ ఫలంగా అర్పించాను. పాదిరిగారు వాటి మీద చేయి పెట్టి ప్రార్థించారు. ఆ తర్వాత చూడాలి వేలం పాట! అయ్యన్న తన పెండ్లిలో కూడా అంత గొంతు ఎత్తలేదు. ఎవరైనా పాడకుండా కూర్చుంటే వాళ్ళ వైపు నేను ఊరికే చూశాను, అంతే. నాతో కలిపి ఎనిమిది ఇండ్లలో ఇప్పుడు ఆ గుడ్లే ఉన్నాయి.

పాడనిది ఒక్కతే, నీ చిన్నమ్మ జ్ఞానమణి. “నా గుడ్లు నాకుండాయి గదన్నా. పోయినేడు లేవి తెచ్చిచ్చిన విత్తనం వంశమే ఇంకా నడుస్తాండాది” అని అందరి ముందూ అనేసింది. మొగుడు పోయినప్పటినుంచి ఆ నాలుగు తట్టల పురుగులే ఆమెకు కూడు పెడుతున్నాయి, కాదనను. అయినా తోడబుట్టిన అన్న గుడ్లు, పైగా ప్రార్థన చేసిన గుడ్లు, వద్దనడానికి నోరెలా వచ్చింది? నా విత్తనమేమైనా తక్కువదా? డోన్ జంక్షన్లో రైలు దిగిన ఒక బేరగాడి దగ్గర తెచ్చాను. ఎంత నమ్మకమైన మనిషంటే నేను పేరు కూడా అడగలేదు.

ఆ పన్నెండు తల్లులూ గుడ్లు పెట్టి చచ్చాక పారేయలేదు. అట్ట మీద బంకతో అంటించి, కింద నా పేరు, దాని కింద కొంచెం చిన్న అక్షరాల్లో దేవుడి పేరు రాసి గుళ్ళో తగిలించాను. ఫిబ్రవరిలో మిషన్ దొరగారు మన పట్టు పని చూడటానికి వస్తున్నారు. ముందు ఆ అట్టే కంటపడాలి.

ఇంకొక మాట. నువ్వు అక్కడ తల్లుల్ని రోట్లో వేసి నూరుతావని నంద్యాల బస్సులో ఎవరో అన్నారు. మన వంశంలో ఇంతవరకు అలాంటి ఉద్యోగం చేసినవాళ్ళు లేరు. నిజమేమిటో వెంటనే రాయి.

ఇట్లు,
ప్రేమయ్య, ఉపదేశి, సంఘపెద్ద, రేగడిపాళెం పట్టు పని స్థాపకుడు.

కొళ్ళేగాలం,
22 నవంబరు 1938.

మామకు లేవి వందనాలు.

నిజమే మామా, నూరుతాను. రోజుకు నూటయాభై తల్లుల దాకా నూరుతాను. మొదటి రోజు అన్నం సయించలేదు. ఇప్పుడు అలవాటయింది.

పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను తెచ్చుకోమని మన పెద్దలు అంటారు కదా. ఈ ఫారం మొత్తం ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది. ఒక్కొక్క తల్లిని ఒక్కొక్క గిన్నె కింద మూసి గుడ్లు పెట్టిస్తాం. పెట్టాక ఆ తల్లిని చిన్న రోట్లో వేసి, రెండు చుక్కల నీళ్ళు పోసి నూరి, ఆ రసం గాజుబిళ్ళ మీద వేసి మైక్రోస్కోపులో చూస్తాం. అందులో కోలగా, తళతళలాడే గింజలు కనిపించాయా, ఆ తల్లి గుడ్లన్నీ పొయ్యిలోకే. ఒక నువ్వుగింజ పొడవునా వాటిని వరసగా పేర్చితే ఏడు వందలు పడతాయి.

ఆ గింజ కథ నీకు చెప్పాలి, ఎందుకంటే దాన్ని తలచుకుంటే నాకే ఆశ్చర్యం వేస్తుంది. దానికి రెండు పొరల గట్టి పెంకు. ఎండకూ వానకూ చావదు, దుమ్ములో ఏళ్ళ తరబడి పడి ఉంటుంది. కాళ్ళు లేవు, నోరు లేదు, తనంతట తాను జానెడు కూడా కదలదు. కానీ పెంకు లోపల, మోకు చుట్ట చుట్టినట్టు, బోలుగా ఉండే సన్నని దారం ఒకటి చుట్టలు చుట్టుకుని ఉంటుంది. గింజ పొడవుకు ఇరవై ముప్ఫై రెట్లు ఉంటుందట ఆ దారం. పురుగు ఆకుతో పాటు గింజను మింగుతుంది. పేగులోని రసం తగలగానే గింజ లోపల ఒత్తిడి పెరిగి, ఒక కొస పగిలి, దారం రెప్పపాటులో బయటికి దూసుకొస్తుంది. చొక్కా చేతిని తిరగేసి లాగితే లోపలిది బయటికి వస్తుంది చూడు, అలా. ఆ దారం మొన పేగు గోడలోని కణంలో గుచ్చుకుంటుంది. గింజలోని జీవమంతా దారం గుండా జారి ఆ కణంలో పడుతుంది. పెంకు మాత్రం బయటే ఉండిపోతుంది, ఖాళీగా. పూర్వం పండితులు ఆ దారం పేగును పట్టుకునే కొక్కెం అనుకున్నారట. దారమే దారి అని జపానులో ఒకాయన ఈమధ్య తేల్చాడని మా సారు చెబుతాడు.

లోపల పడ్డది పెరిగి వేలకు వేలు అవుతుంది. ఆడ పురుగైతే కడుపులోని గుడ్లకూ చేరుతుంది. ఇక పుట్టే పిల్ల జబ్బుతోనే పుడుతుంది, దాని పెంటతో తట్టలో పక్కవాటికి అంటిస్తుంది.

మామా, నీ పన్నెండు తల్లుల్ని ఎవరైనా చూశారా? రెక్కలు బాగా విప్పుకున్నాయా? ఇంకా పగలని గుడ్లు ఉంటే ఆపించగలవా?

నీ అల్లుడు,
లేవి.

రేగడిపాళెం,
30 నవంబరు 1938.

అల్లుడు లేవికి ఉపదేశి ప్రేమయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఒరే లేవీ, నువ్వు పట్టు ఫారంలో కాదు, ప్రసంగ పీఠం మీద ఉండవలసినవాడివి! ఆ గింజ కథ పట్టుకుని ఆదివారం గంటన్నర ప్రసంగించాను. “పైకి చూస్తే కదలదు, మెదలదు. నోరు లేదు. గుళ్ళో వెనక వరసలో కూర్చుని ఉంటుంది. లోపల మాత్రం చుట్టలు చుట్టుకున్న దారం!” అన్నాను. ఒక్కొక్కరు పక్కవాణ్ణి ఓరగా చూసుకున్నారు. భీమమ్మ ఏడ్చింది. ఎందుకేడ్చావమ్మా అని తర్వాత అడిగితే, “మా మొగుడు గుర్తుకొచ్చినాడయ్యా” అంది. ఆయన పక్కనే కూర్చుని ఉన్నాడు.

తల్లుల్ని చూశారా అని అడిగావు. నాయనా, పాదిరిగారు చేయి పెట్టిన దాన్ని మళ్ళీ అద్దంలో పెట్టి చూడటమంటే అవిశ్వాసం కాదా? నాలుగైదు తల్లుల రెక్కలు ముడుచుకున్న మాట నిజమే. అవి వినయంగా ఉన్నాయని అనుకున్నాను.

గుడ్లు పోయిన వారం పగిలి పురుగులు వచ్చాయి. కొన్ని పెద్దవి, కొన్ని ఆవగింజంత. ఒకే తట్టలో తాతా మనవళ్ళు ఉన్నట్టు ఉంది. ఒకే ఇంటి పిల్లలు ఒకే ఎత్తు ఉంటారా ఏమి? జ్ఞానమణి తట్టల్లో మాత్రం కొలిచి కోసినట్టు ఉన్నాయట. చూడటానికి నన్ను లోపలికి రానివ్వలేదు. “చేతులు కడుక్కోని రాన్నా” అంది. ఉపదేశి చేతులు!

ఇట్లు,
ప్రేమయ్య, ఉపదేశి, సంఘపెద్ద.

కొళ్ళేగాలం,
6 డిసెంబరు 1938.

మామకు వందనాలు.

పురుగులు ఎక్కువ తక్కువలుగా ఉన్నాయని చదివి ఆందోళనగా ఉంది. వాటి ఒంటి మీద మిరియాలపొడి చల్లినట్టు నల్ల చుక్కలు వస్తున్నాయేమో రోజూ చూడు. వస్తే ఆలస్యం చేయవద్దు.

ఒక మాట చెబుతాను, చిన్నవాణ్ణని కోప్పడవద్దు. ఈ జబ్బు ఊళ్ళోకి తెచ్చే విత్తనం పైకి చెడ్డదిగా కనిపించదు. ఊరందరిలో ఎవరిది చూడముచ్చటగా ఉందో, దేన్ని చూసి అందరూ ముక్కున వేలేసుకుంటారో, ఆ ఇంటి నుంచే జబ్బు వచ్చి ఉండవచ్చు. ఆ మూలం కనుక్కుని గుడ్లు, తట్టలు సహా నిప్పుల్లో వేస్తే తప్ప మిగిలిన ఇండ్లు బాగుపడవు. ఎవరిదని నేను చెప్పను. చెప్పే వయసు నాది కాదు. నువ్వు పెద్దవాడివి, ఆలోచిస్తే నీకే తెలుస్తుంది.

మోకాలికి నువ్వుల నూనె కాచి రాయించుకో.

నీ అల్లుడు,
లేవి.

రేగడిపాళెం,
14 డిసెంబరు 1938.

బుద్ధిమంతుడైన అల్లుడు లేవికి,

నువ్వు రాసినట్టే అయింది. చుక్కలు వచ్చాయి. ఎనిమిది ఇండ్లలోనూ పురుగులు ఆకు ముట్టకుండా, తట్ట అంచులు పట్టుకుని చచ్చిపోతున్నాయి. అయ్యన్న పెండ్లాం తట్టలు దిబ్బ మీద బోర్లించి, అక్కడే కూలబడి ఏడ్చింది. ఈ కారు మన వాళ్ళకు పట్టు లేదు, గూడు లేదు. ఒక్క ఇంట్లో తప్ప.

నిన్న సంఘాన్ని పిలిపించి, నీ ఉత్తరం నిలబడి గట్టిగా చదివాను. “ఎవరిది చూడముచ్చటగా ఉందో ఆ ఇంటి నుంచే” అన్న చోటికి వచ్చేసరికి అందరూ ఒకే వైపు తిరిగారు. ఊళ్ళో ఇప్పుడు చూడముచ్చటగా ఉన్నవి జ్ఞానమణి తట్టలు కాక ఇంకెవరివి? ప్రార్థన చేసిన గుడ్లు వద్దన్నది ఎవరు? పెద్దల్ని లోపలికి రానివ్వకుండా ఏదో దాస్తున్నది ఎవరు? అద్దం లేకుండానే అంతా తేటతెల్లమైంది.

ఆమె లేచి, “ఏదీ, ఇంకోసారి సదువన్నా” అంది. చదివాను. “అయితే వాడు నా గురించి రాయలే” అంది. అందరూ నవ్వారు. “నేనేం పాపం చేసినానప్పా? రెక్క సరిగ్గా ఇప్పని దాని గుడ్లు పెట్టను. చేతులు కడక్కుండా తట్ట ముట్టను. నాకు తెలిసిందింతే” అని అటూ ఇటూ చూసింది. తీర్మానం ఏమంటే, ఆమె పేరు గుళ్ళో చదివి, రొట్టె ఇవ్వకుండా ప్రభువు బల్ల నుంచి తప్పించాం. తప్పు ఒప్పుకునేదాకా వెనక గడప దగ్గరే కూర్చోవాలి. ఆమె తట్టలూ, గూళ్ళూ, విత్తనమూ కొత్త సంవత్సరం నాడు, ఆదివారం ఆరాధన ముగిశాక, గుడి ముందు కాల్చాలి.

చూశావా లేవీ! సొంత చెల్లెలని కూడా చూడలేదు నేను. “ఉపదేశి అంటే అట్లుండల్ల” అని భీమమ్మ మొగుడు అన్నాడు. ఇదంతా నీ ఉత్తరం చలవే. దేవుడు నీ కొలువును ఆశీర్వదించుగాక.

ఇట్లు,
ప్రేమయ్య, ఉపదేశి, సంఘపెద్ద.

కొళ్ళేగాలం,
19 డిసెంబరు 1938.

మామా,

నీ ఉత్తరం అందగానే రోటి పక్కనే కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు సరిగా రాకపోతే సర్దుకుని చదువు.

నేను అన్నది చిన్నమ్మను కాదు. నిన్ను. నీ పన్నెండు తల్లులనే. కోత పండుగలో ఊరంతా ముక్కున వేలేసుకుని చూసింది నీ గుడ్లను. ఎనిమిది ఇండ్లలోనూ పురుగులు చచ్చాయి, ఆ ఎనిమిది ఇండ్లలోనూ పెంచింది నీ గుడ్లే. పాడని ఒక్క ఇల్లు పచ్చగా ఉంది. నువ్వే రాశావు ఇదంతా, మూడు ఉత్తరాల్లో. అయినా నీకు కనిపించలేదు. మేనమామను నేరుగా అనకూడదని నేను చుట్టూ తిప్పి రాశాను. మర్యాద అనుకున్నాను, అది పిరికితనం. అమ్మ పోయాక నాకు ముద్ద కలిపి పెట్టిన మనిషిని నా చేతి రాతతోనే గడప దగ్గర కూర్చోబెట్టారు.

ఆ కాల్పు ఆపు. ఊళ్ళో మంచి విత్తనం మిగిలింది ఆమె దగ్గరే. అది కాలితే వచ్చే కారుకు ఎవరికీ ఏమీ ఉండదు. ఆమెకైతే కూడే ఉండదు.

నా మాట నమ్మవద్దు. గుళ్ళో తగిలించిన నీ తల్లుల అట్ట పంపు. చచ్చి ఎండినా ఆ గింజలు పెంకు లోపల అలాగే ఉంటాయి. నూరి చూసి చెబుతాను.

చిన్నమ్మకు చదువు రాదు. ఈ ఉత్తరం ఆమెకు మొత్తం చదివి వినిపించు.

లేవి.

రేగడిపాళెం,
26 డిసెంబరు 1938.

లేవీ,

ఏమిరా, నాలుగు అద్దాలు చూడగానే కండ్లు నెత్తికెక్కినాయా? నిన్ను మిషన్ బడిలో చేర్చింది ఎవరు? కొళ్ళేగాలం దాకా పోయి వదిలి వచ్చింది ఎవరు? ఆ రోజు నా గొడుగు బెంగుళూరు స్టేషనులో పోయింది, ఇప్పటిదాకా ఒక్క మాటన్నానా? నాకే పాఠాలు చెప్తాండావా? క్రిస్మస్ నాడు నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ప్రసంగం చేశాను. శాంతి సమాధానాల గురించి. ఎంత చెడ్డగా చెప్పానో నాకే తెలుసు.

అట్ట పంపుతున్నాను. భయపడి కాదు. పన్నెండింటినీ నూరుకో. ఒక్క గింజ దొరక్కపోతే నువ్వు ఈ గుళ్ళో మోకాళ్ళ మీద నిలబడి సంఘాన్ని క్షమాపణ అడగాలి. కాల్పు మాత్రం ఆగదు. తీర్మానం చేసింది సంఘం, నేను ఒక్కణ్ణి మార్చడానికి వీల్లేదు. చేయించింది నేనే అనుకో, అది వేరే సంగతి.

నీ ఉత్తరం జ్ఞానమణికి చదివి వినిపించాను, నాకు తోచినంత మేరకు. “అట్ట పంపమన్నాడు” అన్నాను. “గూళ్ళు గిన పంపమన్నాడా?” అని అడిగింది. లేదన్నాను. లోపలికి పోయి, నీకని వేయించిన శనగల మూట ఒకటి కట్టి ఇచ్చింది. అదీ పార్సెల్లో పెట్టాను. మనిషికి ఇంకా సిగ్గు రాలేదు, శనగలు వేయిస్తోంది.

ప్రేమయ్య, సంఘపెద్ద.

తంతి. కొళ్ళేగాలం, 31 డిసెంబరు 1938.

పన్నెండింటిలో పదకొండు జబ్బువి. కాల్చవద్దు. లేవి.

రేగడిపాళెం,
2 జనవరి 1939.

అల్లుడికి,

నీ తంతి ఈ పొద్దున వచ్చింది. నిన్న ఆదివారం, తపాలా కచేరి మూసి ఉంది.

కాల్చేశాం.

తట్టలు తేవడానికి ఇద్దర్ని పంపబోతే, ఆమే నెత్తిన పెట్టుకుని వచ్చింది. నాలుగు తట్టలు, పురుగులు గూళ్ళు కట్టుకున్న వెదురు చంద్రికలు రెండు. తనే దించింది. ఏడుస్తుందని అందరూ ఎదురుచూశారు. ఏడవలేదు. వెదురు చిటపటమంటుంటే నా వైపు చూస్తూ నిలబడింది. ఎండలో గొడుగు లేక కండ్లు మండి నేనే ముఖం తిప్పుకున్నాను. ఇంటికి వచ్చి జొన్నరొట్టె తుంచి కంచంలోనే వదిలేశాను.

అయినా ఒక సంగతి ఆలోచించు. పన్నెండులో పదకొండు అన్నావు. పన్నెండు మందిలో ఒక్కడు చెడిపోవడం విన్నాను గానీ, పదకొండు మంది చెడి ఒక్కడు మిగలడం ఏ వాక్యంలోనూ లేదు. నీ అద్దం తుడిచి చూశావా? ఆ మంచి పన్నెండోది మన ఇంటికే వచ్చి ఉండవచ్చు కదా? మన పురుగులు కూడా చచ్చిన మాట వాస్తవమే అనుకో.

జరిగింది జరిగింది. తంతి సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు. జ్ఞానమణి వచ్చి క్షమాపణ అడిగితే బల్ల దగ్గరికి చేర్చుకుంటామని కబురు పంపాను. “దేనికి అడగల్ల?” అని తిరిగి కబురు పంపింది. చేనులో మల్బరీ ఆకు ముదిరిపోతోంది. దొరగారు ఫిబ్రవరిలో వస్తారు, చూపించడానికి ఒక్క పురుగు లేదు. మీ ఫారం నుంచి మంచి గుడ్లు నా పేరున పంపు.

నీ మామ,
ప్రేమయ్య.

కొళ్ళేగాలం,
4 జనవరి 1939.

మామకు,

మా ఫారం గుడ్లు ఈ నెలంతా ఇక్కడి రైతులకే సరిపోవడం లేదు. అయినా మీకు గుడ్లు పంపాను. అవి చిన్నమ్మవే.

శనగల మూట విప్పితే అడుగున పాతచీర గుడ్డలో ముప్ఫై ఆరు గూళ్ళు ఉన్నాయి. నేను అడగలేదు, నువ్వు ఆమెకు సరిగా చదవలేదు, అయినా నాకు ఏం కావాలో ఆమెకు తెలిసింది. ఇక్కడికి చేరిన మరునాడే సీతాకోకలు బయటికి వచ్చాయి. పద్దెనిమిది తల్లులు, మిగిలినవి పోతులు. ఒక్కొక్క దాన్ని గిన్నె కింద పెట్టి గుడ్లు పెట్టించాను. తర్వాత పద్దెనిమిదింటినీ నూరాను. మా సారు కూడా చూశాడు. ఒక్క గింజ లేదు. “ఎవరిదయ్యా ఈ విత్తనం?” అని అడిగాడు. మా చిన్నమ్మది అన్నాను. ఆ తల్లుల్ని నూరేటప్పుడు మాత్రం చేయి ఆడలేదు.

పద్దెనిమిది కాగితాలూ ఫారం ముద్ర వేయించి రిజిస్టరు పార్సెల్లో ఆమె పేరున పంపాను. ఆమె వేలిముద్ర వేస్తేనే ఇస్తారు. అవి ఎవరికి ఇవ్వాలో ఆమె ఇష్టం. నీకు కావాలంటే ఆమెనే అడుగు. పదమూడో తేదీకల్లా గుడ్లు పగులుతాయి, ఎవరి కోసమూ ఆగవు. ఆ లోపల ప్రతి ఇంటివాళ్ళూ తట్టలు కాగే నీళ్ళలో కడిగి, ఎండబెట్టి, కొట్టానికి గంధకం పొగ వేసి, సున్నం కొట్టాలి. లేకపోతే పాత గింజలు దుమ్ములోంచి మళ్ళీ లేస్తాయి.

నీ అట్ట తిరిగి పంపను. కాల్చాను.

లేవి.

రేగడిపాళెం,
14 జనవరి 1939.

అల్లుడు లేవికి మామ రాసేది.

పార్సెలు పోయిన శనివారం వచ్చింది. జ్ఞానమణి వేలిముద్ర వేసి తీసుకుంది. ఊరంతటికీ తెలిసిపోయింది. అందరికంటే ముందు నేనే పోయాను. ఇన్నేళ్ళలో ఏదైనా అడగడానికి ఆమె గడప ముందు నేను నిలబడింది అదే మొదలు. ఎప్పుడూ ఆమే వచ్చేది.

“ఇస్తా అన్నా. నా బిడ్డ పంపినవి నేనేం దాచుకోను” అంది. “అయితే, పేరు చెప్పి తీసేసినారు గదా, పేరు చెప్పే చేర్చండి. తప్పు ఎవరిదో వాళ్ళ పేరు గూడా చెప్పండి.” సంఘంలో లోపల లోపల మాట్లాడి సర్దుకుందామన్నాను. “గుడ్లు పదమూడుకు పగులుతాయంట గదా, నీ ఇష్టం” అని తట్ట లేని కొట్టం ఊడ్చుకోవడానికి పోయింది.

ఆదివారం ప్రసంగం ముగించాక, ఒక ఉపమానం చెబుతాను అని మొదలుపెట్టాను. “ఒకానొక మనిషి ఉండెను. అతడు తన మంచితనాన్ని నమ్ముకుని, తెలియక, చెడ్డ విత్తనాన్ని పంచెను” అన్నాను. వెనక గడప దగ్గర నుంచి ఆమె లేచింది. “యావూరి మనిషన్నా? ఆయప్పకు పేరు లేదా?” అంది. ఎవరో నవ్వారు. ఆ అట్ట తగిలించిన మేకు నా ఎదురుగానే ఉంది, దాన్నే చూస్తూ నిలబడ్డాను. “ప్రేమయ్య” అన్నాను. వెనక వరసకు వినబడలేదు. మళ్ళీ అన్నాను. నీ తంతి తీసి చదివాను. ఆమె చేసిన తప్పు ఏదీ లేదని, ఆమె తట్టలు మనం ఊరికే కాల్చామని చెప్పాను. నాకు ఏడుపు వచ్చింది లేవీ. అరవై ఏండ్ల ముసలోణ్ణి, అందరి ముందు.

పాదిరిగారు ఆమె పేరు పిలిచి బల్ల దగ్గరికి రమ్మన్నారు. వచ్చింది. రొట్టె నేనే పట్టుకుని ఉన్నాను, ఇచ్చాను. తీసుకుంది.

ఆ సాయంత్రమే అందరినీ పిలిచి గుడ్లు పంచింది. ఒక్కొక్క ఇంటికి రెండు కాగితాలు, తనకు రెండు. వేలం లేదు. ప్రతివాళ్ళ చేతులూ తిప్పి చూసి ఇచ్చింది. నన్ను చివరికి పిలిచింది. నా గోళ్ళలో సున్నం ఉంది. కొట్టానికి నా చేత్తో నేనే రెండు పూతలు వేశాను, ఈ మోకాలితో. అది చూసి నా రెండు కాగితాలూ చేతిలో పెట్టింది. అయ్యన్న, భీమమ్మ మొగుడూ ఆమెకు కొత్త తట్టలు అల్లుతున్నారు.

నిన్న పొద్దున గుడ్లు పగిలాయి. పోయినసారిలా తాతా మనవళ్ళు లేరు, అన్నీ ఒకే ఈడుగా ఉన్నాయి.

నీ చిన్నమ్మ ఇక్కడే కూర్చుని ఉంది. ఈ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా, ఒక్క ముక్క వదలకుండా, ఆమెకు చదివి వినిపించాకే అంటిస్తున్నాను.

నీ మామ,
ప్రేమయ్య.